ఆరోగ్యవంతుల జాబితా

జల్లెడ అన్న పేరు అతనికి తోటి ఉద్యోగి చీటీలక్క పెట్టింది. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆసుపత్రి వెనక భవనంలో, మూడో అంతస్తులో, ఎప్పుడూ చల్లగా ఉండే గదిలో కూర్చుని మనుషుల జన్యువులను జల్లించడమే అతని ఉద్యోగం కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. పిలిస్తే పలికేవాడు. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది, మనలో మాట.

పని చెప్పుకోవడానికి తేలికే. మనిషి జన్యువుల రాతలో మూడువందల కోట్ల అక్షరాలుంటాయి. కంప్యూటరు వాటిని ఒక నమూనా ప్రతితో పోల్చి ఎక్కడెక్కడ తేడా ఉందో చెబుతుంది. ఏ ఇద్దరి రాతా ఒకటి కాదు కనుక తేడాలే నలభై, యాభై లక్షలు తేలతాయి. జబ్బు తెచ్చేది వాటిలో ఒకటో రెండో. కొండను తవ్వి ఎలుకను పట్టారంటే లోకం నవ్వుతుంది గానీ, ఇక్కడ ఆ ఎలుక కోసమే కొండను తవ్వుతారు.

అందుకు మనవాడు మూడు వడపోతలు రాసుకున్నాడు. మొదటిది యంత్రం తప్పుగా చదివినవాటిని తీసేస్తుంది. రెండోది లోకంలో చాలామందికి మామూలుగా ఉండే తేడాలను తీసేస్తుంది. మూడోదంటే అతనికి కన్నబిడ్డ మీద ఉన్నంత మమకారం. అది ఈ ల్యాబుకు వచ్చిన ఆరోగ్యవంతుల జాబితా. ప్రతి జన్యువుకూ మనిషిలో రెండు ప్రతులుంటాయి, తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉండి కూడా ఎవరో ఒకరు నిక్షేపంలా తిరుగుతున్నారంటే, ఆ మార్పు వల్ల హాని లేనట్టే కదా. తీసి పారెయ్యి. అదీ మూడో వడపోత న్యాయం. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఒక సోమవారం పొద్దున నరాల డాక్టరమ్మ మెట్లెక్కి స్వయంగా వచ్చింది. మామూలుగా మూడో అంతస్తుకు కాగితాలు వస్తాయి గానీ డాక్టర్లు రారు. ఆవిడ చేతిలో ఎనిమిదేళ్ళ పిల్ల రిపోర్టు ఉంది. పది రోజుల కిందట జల్లెడ పంపిందే. అందులో ఉన్నది ఒక్క వాక్యం: ఏమీ దొరకలేదు.

"పోయినేడాది ఈ పిల్ల తాడాట ఆడేది," అంది డాక్టరమ్మ. "ఆర్నెల్లలో చెవులు పోయాయి. తర్వాత చేతులు. ఇప్పుడు ఊపిరి తియ్యడం కష్టమవుతోంది. శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టాలి. ఎక్కాక దిగుతుందని నేను మాటివ్వలేను."

"మూడు వడపోతలూ పెట్టాను డాక్టరుగారూ. పదకొండు మిగిలాయి. పదకొండూ చదివాను. ఒక్కటీ అతకలేదు."

"ఇంకోసారి చూడండి. మీకు దండం పెడతాను," అని ఆవిడ దిగిపోయింది.

దండం పెట్టించుకున్నవాడికి స్థిమితం ఎక్కడుంటుంది? మధ్యాహ్నం దాకా ఆ పదకొండే తిప్పి తిప్పి చదివాడు. చదివిందే చదివితే కొత్త అక్షరాలు పుట్టుకురావు కదా. గుమ్మం పక్క బల్ల దగ్గర చీటీలక్క రక్తపు గొట్టాలకు నంబరు చీటీలు అంటిస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ పని అదే. కంప్యూటరులో అన్నీ ఎక్కుతున్నా, తన తృప్తి కోసం ఒక లావుపాటి పుస్తకంలో చేత్తో కూడా రాసుకునేది. ఆ పుస్తకాన్ని జల్లెడ ఎక్కిరించని రోజు లేదు.

"అంతా జల్లించేశానక్కా. ఇంకేం లేదు," అన్నాడు గాలితో చెప్పినట్టు.

"మిగిలిందే చూస్తావు నాయనా నువ్వు. పారబోసింది ఎప్పుడైనా చూశావా?"

"పారబోసింది నలభై లక్షలక్కా."

"నలభై లక్షలూ ఒకే కారణానికి పారబోశావా?"

అతనికి చిర్రెత్తుకొచ్చింది. చీటీలంటించే మనిషి తనకు పాఠం చెప్పడమా? అయితే చిర్రెత్తుకొచ్చినంత మాత్రాన ప్రశ్న ఎక్కడికీ పోదు. మొహం ముడుచుకునే కూర్చుని కంప్యూటరుకు కొత్త పని పురమాయించాడు. లోకంలో మరే జాబితాలోనూ రెండు ప్రతుల్లో కనబడకుండా, కేవలం మన జాబితాలో ఎవరో ఒక్కరికి ఉందన్న కారణంతో పారబోసినవి ఏవి? ఇరవై మూడు వచ్చాయి.

మర్నాడు పదిగంటలకు, పందొమ్మిదోదాని దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. ఒక విటమినును నరాల కణాల్లోకి మోసుకెళ్ళే ప్రొటీను తాలూకు జన్యువు అది. పిల్ల రెండు ప్రతుల్లోనూ ఒక అక్షరం మారింది. పూసల దండ లాంటి ఆ ప్రొటీను ఎలా ముడుచుకుంటుందో అక్షరాల వరసను బట్టి కంప్యూటరు అంచనా కట్టి బొమ్మ గీసింది. అతను తెర మీద బొమ్మను నెమ్మదిగా తిప్పాడు. విటమిను దూరాల్సిన సందు కనబడింది. సరిగ్గా ఆ సందు నడుమ, సన్నపూస ఉండాల్సిన చోట లావుపూస కూర్చుంది. విటమిను లోపలికి పోకపోతే నరం పస్తుంటుంది. చెవులు, చేతులు, ఊపిరి, అన్నీ అతికాయి.

ఎగిరి గంతేయాల్సిన మాటే. వెయ్యలేకపోయాడు. ఎందుకంటే ఆరోగ్యవంతుల జాబితాలో మూడువందల పద్దెనిమిదో నంబరు మనిషికి అచ్చంగా ఇదే మార్పు, రెండు ప్రతుల్లోనూ ఉంది. ఆ మనిషి నిజంగా గుండ్రాయిలా తిరుగుతుంటే, ఇంత అందమైన బొమ్మా చెత్తబుట్టకే.

జాబితాలో నంబర్లే తప్ప పేర్లుండవు. పేర్లుండేది తాళం వేసిన సొరుగులో, చీటీలక్క పుస్తకంలో. డాక్టరమ్మకు ఫోన్ చేసి అనుమతి అడిగాడు. "వెంటనే చూడండి, పైకి వస్తున్నాను," అంది ఆవిడ.

చీటీలక్క కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది. వేలు ఒక చోట ఆగింది. పుస్తకాన్ని అతని వైపు తిప్పింది. ఆరేళ్ళ కిందటి తేదీ. తొమ్మిదేళ్ళ ఆడపిల్ల. తల్లి పేరు, ఇంటి నంబరు, కిందటి నెల ఈ ఎనిమిదేళ్ళ పిల్ల పేజీలో రాసినవే. పక్కన చీటీలక్క గుండ్రటి రాత: చెవులు వినబడవు. చేతుల్లో బలం తగ్గుతోంది. తల్లి కుట్టుపని చేస్తుంది. పాపం, ఏడ్చింది.

"తోడబుట్టిన అక్క," అంది చీటీలక్క మెల్లగా.

బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టంటే ఇదే. జబ్బుకు సాక్ష్యం చెప్పాల్సిన పిల్లను ఆరోగ్యవంతుల్లో కూర్చోబెట్టి, ఆ పిల్లను చూపించే చెల్లెలి జబ్బును కొట్టేశారు.

కూర్చోబెట్టిందెవరు? అదీ వినండి. ఆరేళ్ళ కిందట ఆ జాబితా బక్కగా ఉండేది. వడపోత బాగా పనిచెయ్యాలంటే జనం కావాలి. ఆ రోజుల్లో ఈ జన్యువుకూ జబ్బుకూ సంబంధం ఉందని ఈ ల్యాబుకు తెలియదు కనుక పెద్దపిల్లకు "ఏమీ దొరకలేదు" అని రిపోర్టు వెళ్ళింది. ఏమీ దొరకనివాళ్ళందరినీ ఒక శనివారం జల్లెడే స్వయంగా, ఒక్క మీట నొక్కి, ఏమీ లేనివాళ్ళ జాబితాలో కలిపేశాడు. దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. పసిపిల్లలకు కూడా తెలిసిన ఆ తేడా, మూడువందల కోట్ల అక్షరాలు చదివే మొనగాడికి ఆ శనివారం తట్టలేదు.

అప్పటికే డాక్టరమ్మ పైకి వచ్చి పుస్తకం మీదికి వంగి చదువుతోంది. చదివి తలపట్టుకుంది. "పెద్దమ్మాయి సంగతి నేనూ అడిగాను. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులూ, కాళ్ళూ చేతులూ పోయాయని చెప్పింది తల్లి. అలాగే రాసుకున్నాను."

"జన్యువుల్లో ఏమీ లేదని మేమే చెప్పాం కదండీ," అన్నాడు జల్లెడ. "ఇక జ్వరమే మిగిలింది ఆవిడకు."

"ఆ ఏడుపు తర్వాత ఏడుద్దాం. ఒక పిల్లలో అయితే అనుమానం. అక్కచెల్లెళ్ళిద్దరిలో అదే మార్పు, అదే జబ్బు అంటే నాకు చాలు. ఆ విటమిను మాత్రలు మందులషాపులో దొరికేవే. పెద్ద మోతాదులో ఇస్తే పక్కదారుల్లోనైనా కొంత లోపలికి పోతుంది. రెండో పరీక్ష జవాబు వచ్చేదాకా ఆగను. ఇద్దరికీ ఇవాళే మొదలుపెడతాను." ఆవిడ మెట్ల మీద పరుగెత్తిన చప్పుడు గదిలోకి వినబడింది.

జల్లెడ చీటీలక్క ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నువ్వు లేకపోతే..."

"నాకెందుకు దండాలు. ఆ పుస్తకాన్ని ఎక్కిరించడం మానుకో, చాలు," అని ఆవిడ మళ్ళీ చీటీలు తీసుకుంది.

గురువారం నాడు తల్లి, పెద్దపిల్లను చక్రాల కుర్చీలో తోసుకుంటూ రక్తం ఇప్పించడానికి వచ్చింది. జల్లెడ కిందికి దిగాడు. దిగకపోయినా అడిగేవాళ్ళు లేరు. రిపోర్టులో "పునఃపరిశీలనలో తేలింది" అని రాస్తే సరిపోతుంది, అది అబద్ధం కూడా కాదు. అయినా దిగాడు. పెద్దపిల్లను రక్తం తీసే గదిలోకి పంపాక, తల్లి పక్క కుర్చీలో కూర్చున్నాడు. జాబితా సంగతి, శనివారం సంగతి, మీట నొక్కిన సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. కుడి చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకు తేలి ఉంది.

"ఆరేళ్ళు సార్," అంది. "ఆ జ్వరం నాడు ఒక స్కూలు బట్టల ఆర్డరు ముగించి, సాయంత్రం తీసుకెళ్ళాను డాక్టరు దగ్గరికి. పొద్దున్నే తీసుకెళ్ళుంటే పిల్ల చెవులు దక్కేవేమోనని ఆరేళ్ళు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. అంటే నా తప్పు కాదా?"

"మీ తప్పు కాదమ్మా. నాది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తిడుతుందని సిద్ధపడి వచ్చినవాడికి, ఆ ఏడుపు ముందు తల ఎలా ఎత్తాలో తెలియలేదు. ఏడుపు ఆగాక ఆవిడే మాట్లాడింది.

"తప్పు కుట్టు పడని చెయ్యి ఉండదండి. కనబడ్డాక కూడా విప్పకుండా, పైన ఇస్త్రీ చేసి ఇచ్చేస్తారు చూడండి, వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మీరు విప్పారు. ఇంకా ఎంతమంది ఉన్నారు అలా?"

"నూట నలభై ముగ్గురు."

"వాళ్ళవీ విప్పండి మరి. ఇక్కడ కూర్చుంటే ఎలా?"

శపించినా పడాల్సినవాడికి పని చెప్పి పంపించింది ఆ మహాతల్లి. మెట్లెక్కుతుంటే అతని కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రమే నూట నలభై ముగ్గురినీ జాబితాలోంచి తీసి, ఒక్కొక్కరినీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.

శుక్రవారం వచ్చింది. చిన్నపిల్ల ఊపిరి మెరుగు కాలేదు గానీ, ఇంకా దిగజారలేదు. డాక్టరమ్మ గుండె రాయి చేసుకుని ఇంకో రెండు రోజులు చూద్దామంది. సోమవారానికి ఊపిరి కాస్త తేలికయింది. మిషను గదిలో సిద్ధంగా ఉంచిన మంచాన్ని ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ కబురు ఫోనులో విని జల్లెడ కుర్చీలో కూలబడి, ఎవరికి చెప్పాలో తెలియక తెరకే థాంక్స్ చెప్పాడు. చీటీలక్క విననట్టు నటించింది.

రెండు నెలలు గడిచాయి. నూట నలభై ముగ్గురిలో తొమ్మిదిమందికి జవాబు దొరికింది. చిన్నపిల్ల తన కాళ్ళ మీద తాను నడుస్తోంది. చెవులు మాత్రం తిరిగి రాలేదు. పెద్దపిల్ల విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆరేళ్ళు పస్తున్న నరాలు అంత తొందరగా లేవవు. ఒక చేతి వేళ్ళు మాత్రం కదలడం మొదలుపెట్టాయి.

డాక్టరమ్మకు చూపించుకోవడానికి వచ్చిన రోజున, కింది హాల్లో జల్లెడను చూసి పెద్దపిల్ల తల ఊపి పిలిచింది. పదిహేనేళ్ళ పిల్ల, కళ్ళు చురుగ్గా ఉన్నాయి. ఒళ్ళో ఉన్న ఫోను మీద ఒక్కో అక్షరమే నొక్కి, అతని వైపు తిప్పింది.

"అమ్మ చెప్పింది అంకుల్. చెల్లి జబ్బు దొరక్కుండా అడ్డం ఉన్నది నేనేనంట కదా."

జల్లెడకు ప్రాణం చివుక్కుమంది. ఫోను తీసుకుని గబగబా కొట్టాడు. "నిన్ను తెచ్చి అక్కడ అడ్డం పెట్టింది నేను. నువ్వు లేకపోతే అది జబ్బని నమ్మేవాళ్ళే లేరు. అక్కకూ ఉంది, చెల్లికీ ఉంది అని తెలిశాకే మాత్రలు మొదలుపెట్టారు. నీవల్లే చెల్లి మిషను ఎక్కలేదు."

పిల్ల రెండుసార్లు చదివింది. మెల్లగా నవ్వింది. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ఎంతసేపు పట్టినా అతను సాయం చెయ్యబోలేదు.

"అయితే అది నాకు థాంక్స్ చెప్పాలి. ఇంతవరకూ చెప్పలేదు దొంగమొహంది."

అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ముందు నేను చెప్పాలి," అని కొట్టి, ఆ పిల్ల ముందు చేతులు జోడించాడు.

"మీది తీసుకున్నా," అని రాసింది. "దాన్ని మాత్రం వదలను."

జల్లెడ వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడ్డ చెల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అక్క ఫోను చూపించింది. చెల్లి చదివి, అక్కను ఎగాదిగా చూసి, రెండక్షరాలు కొట్టింది.

"పోవే."

కొట్టి, కింద కూర్చుని, అక్క ఒళ్ళో తల పెట్టుకుంది. లోపలి నుంచి నర్సు వచ్చి భుజం తట్టినా చాలాసేపు తల తియ్యలేదు.