డ్యూటీ దిగంగనే వస్త

ఫస్ట్ షిఫ్టుకు గనిలోకి దిగే ప్రతి డంపరూ మంగ్లి ఇంటి కిందికి రాగానే ఒకసారి హారన్ కొట్టాలి. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదది. కొట్టకపోతే ఆమె చూసుకోకుండా గిన్నెలు కడిగిన నీళ్లు గుమ్మంలోంచి కిందికి పారబోస్తుంది. అంత ఎత్తు నుంచి అవి అద్దం మీద పడితే కాసేపు దారి కనపడదు. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు బ్రేకుల సంగతి చెప్పాక తర్వాత చెప్పేది ఇదే.

ఇల్లు గాలిలో ఉండటం గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు. సత్తుపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఒకప్పుడు తండా ఉండేది. దాని కింద బొగ్గుందని తేలాక కంపెనీ భూములు తీసుకుంది, భూమి పోయిన ఇంటికో ఉద్యోగం ఇచ్చింది, జనాన్ని రోడ్డు పక్క కాలనీకి తరలించింది. మిషన్లు వచ్చి తవ్వుతుంటే ఇళ్లన్నీ కూలాయి, మంగ్లి మగడు హాతీరాం ఇల్లు ఒక్కటి మాత్రం కూలలేదు. కింద మట్టి పోయినా అది ఉన్న ఎత్తులోనే నిలబడిపోయింది. మర్నాడు పొద్దున పొయ్యి రాజుకుంది. అంతకు ముందే చచ్చిపోయిన మంగ్లి చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ముఖం కడుక్కుంది. సర్వేయరు తన మ్యాపులో ఆ చోట చిన్న చదరం గీసి ‘ఇల్లు’ అని రాసుకున్నాడు. పని మళ్లీ మొదలైంది.

మంగ్లి చనిపోయింది హాతీరాం ఉద్యోగంలో చేరిన కొత్తలో. అప్పుడు ఆమె బాలింత. ఒళ్లు కాలిపోతుంటే, “ఇయ్యాల పోకు” అని అతని చొక్కా పట్టుకుంది. కొత్త నౌకరి, నాగా పెడితే తీసేస్తారేమోనని అతని భయం. “డ్యూటీ దిగంగనే వస్త” అన్నాడు. దిగంగానే వచ్చాడు కూడా, మాట తప్పే మనిషి కాదు. అప్పటికే వాకిట్లో జనం నిలబడి ఉన్నారు.

ఇల్లు గాలిలో నిలిచిన తొలిరోజుల్లో నిచ్చెన వేసుకుని ఎక్కుదామనుకున్నాడు. పేలుళ్లు జరిగే చోట అనుమతి లేనిదే ఎక్కనివ్వమన్నారు. అర్జీ పెట్టుకున్నాడు. అనుమతి వచ్చేసరికి గని ఏ నిచ్చెనకూ అందనంత లోతుకు పోయింది. ఆఫీసు పనులు ఎక్కడైనా అంతే కదా. ఇక అప్పటి నుంచి అతను డంపరు ఆపి తల బయట పెట్టేవాడు, ఆమె గుమ్మంలో కూర్చుని కిందికి వంగేది.

“ఎప్పుడొస్తవ్?” అని అరిచేది.

“డ్యూటీ దిగంగనే!” అని చెయ్యి ఊపేవాడు.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రోజూ ఇదే మాట. ఆమెకు అన్ని రోజులూ ఆ ఒక్క రోజే. పైనుంచి చూస్తే ఆమెకు కనిపించేది పచ్చ టోపీ, ఊపే చెయ్యి. టోపీకి వయసు రాదు. టోపీ కింద జుట్టు నెరిసింది, పళ్లు కదిలాయి, చెంపలు లోపలికి పోయాయి. అవేవీ అంత ఎత్తుకు అందలేదు.

వాళ్ల బిడ్డ హేమలతను కాలనీలో మేనత్త కమ్లి సాకింది. చిన్నప్పుడు ఒకసారి హాతీరాం పిల్లను భుజాన ఎక్కించుకుని గని అంచుకు తీసుకుపోయి, “అదిగో, మీ యాడి” అని చూపించాడు. తండాలో అమ్మను యాడి అంటారు. తెరిచిన తలుపులోంచి మంగ్లి దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఊపుతూ కనిపించింది. ఉయ్యాలలో ఏమీ లేదు. “నేను ఈడ ఉన్న కదా, అండ్ల ఎవల్ని ఊపుతున్నది?” అని పిల్ల ఒకటే ఏడుపు. ఆ తర్వాత ఎంత పిలిచినా గని వైపు రాలేదు. పెరిగి పెద్దదై ఖమ్మంలో నర్సయింది, కాలేజీలో పాఠాలు చెప్పే ఉదయ్ భాస్కర్‌ను పెళ్లి చేసుకుంది, ఇద్దరు పిల్లల తల్లయింది. తల్లి వయసును ఎప్పుడో దాటిపోయింది.

హాతీరాం రిటైరైన రోజు తోటివాళ్లు దండలేసి, శాలువా కప్పి, డప్పులతో కాలనీ అంతా తిప్పారు. హేమలత వచ్చి తండ్రిని ఖమ్మం తీసుకుపోయింది. బిడ్డ వేళకు అన్నం పెట్టేది, మందులిచ్చేది. మనవళ్లు ఒళ్లో ఎక్కి కూర్చునేవాళ్లు. అల్లుడు ‘మామా’ అంటూ మర్యాదగా పలకరించేవాడు. అంత సుఖంలోనూ హాతీరాం పొద్దున్నే లేచి బూట్లు తొడుక్కుని, ఎక్కడికి పోవాలో తెలియక గేటు దగ్గర నిలబడేవాడు.

ఒకరోజు సారయ్య ఫోన్ చేశాడు. హాతీరాం బండిని ఇప్పుడు తోలుతున్నది ఇతనే.

“అన్నా, వదినె అడుగుతున్నది. నా టోపీ చూసి నువ్వనుకున్నది, గొంతు విని కాదన్నది. మా ఆయన ఏడి, మా ఆయన ఏడి అని ఒకటే అడుగుడు. మేమేం చెప్పాలె?”

“లీవుల ఉన్నడని చెప్పు.”

“లీవుల ఉంటే ఇంటికి రాడా అంటది కదనే.”

నిజమే కదా. డ్యూటీలో లేని మగడు ఇంట్లో ఉండాలి. ఇంటికి పోవడం తన చేతిలో లేదు. ఉన్నది ఒకటే దారి, డ్యూటీలో ఉండటం.

రిటైరైన మనిషి మళ్లీ పనికి పోతే లోకం ఊరుకుంటుందా? పెన్షన్ చాలడం లేదేమో అన్నారు కొందరు. బిడ్డ ఇంట్లో తిండి పడలేదన్నారు ఇంకొందరు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవని కమ్లి సామెత చెప్పింది. హేమలతకు ఆ మాటలన్నీ గుచ్చుకున్నాయి. “నీకు నేనేం తక్కువ చేసిన బాపూ? జనం నన్ను అనేటట్టు చేస్తున్నవ్” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. హాతీరాం బిడ్డ తల నిమిరి, “నువ్వేం తక్కువ చెయ్యలే బిడ్డా. మీ యాడి అడుగుతున్నదట” అన్నాడు. హేమలత చెయ్యి తోసేసి లోపలికి పోయింది. ఉన్న కూతురి కంటే లేని పెళ్లాం ఎక్కువైందని ఆమె బాధ. అందులో అబద్ధం లేదు.

గనిలో మట్టి పని పట్టిన కాంట్రాక్టరు అతనికి స్టీరింగు ఇవ్వలేదు. ముసలోళ్లకు ఇచ్చే పని ఇచ్చాడు. బొగ్గు తీసేసిన గోతిని మట్టితో పూడుస్తారు. డంపర్లు వెనక్కి వచ్చి మట్టి ఎక్కడ పోయాలో జెండా ఊపి చూపించే పని అది. మొదటిరోజే మంగ్లి పచ్చ టోపీని చూసి గుమ్మంలోంచి సగం బయటికి వంగింది.

“ఏడికి పోయినవ్? ఎప్పుడొస్తవ్?”

“డ్యూటీ దిగంగనే!” అన్నాడు హాతీరాం.

అప్పుడే అతనికి ఒక సంగతి తట్టింది. పోసిన మట్టి పొర మీద పొరగా పైకి వస్తోంది. గోయి నిండితే నేల మళ్లీ పాత ఎత్తుకు వస్తుంది. పాత ఎత్తులోనే ఇల్లుంది. ఇన్నేళ్లూ దూరం చేసిన మట్టిని తన జెండాతోనే మళ్లీ పోయించుకుంటున్నాడు! ఆ రోజు నుంచి అతను నాగా పెట్టలేదు. వానలో, వడగాడ్పులో నిలబడ్డాడు. జ్వరం వచ్చినా నిలబడ్డాడు. సూపర్‌వైజరు లచ్చిరాం, “పెద్దాయనా, ఇంటికి పోయి పండుకో” అంటే, “ఇంటికే పోతున్నా” అనేవాడు.

ఎండాకాలం పోయి పునాస వానలు పడే వేళకు నేల ఇంటి గడపకు ఒక మెట్టంత దూరంలోకి వచ్చింది. లచ్చిరాం తల గోక్కుంటూ చెప్పాడు. “మట్టి ఈడికే ఆపరట. గుట్టలెక్క ఇంకా పైకి పోసి, మీద చెట్లు పెడ్తరట. రేపు మాపటికల్లా ఇల్లు కప్పుడు పడతది. వదినెను బయటికి పిలుచుకో.”

హాతీరాం బిడ్డకు ఫోన్ చేశాడు. “రేపు ఇంట్లకు పోతున్న. మీ యాడిని తోల్కొస్త. నువ్వు కూడ రా.” హేమలత ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున సత్తుపల్లిలో గడ్డం గీయించుకుని, జుట్టుకు నల్లరంగు వేయించుకున్నాడు. మంగలాయన నవ్వు ఆపుకుంటూ, “ఏంది పెద్దాయనా, పెండ్లా?” అన్నాడు. “గట్లాంటిదే” అన్నాడు హాతీరాం. కొత్త చొక్కా తొడుక్కుని, నడిచి వెళ్లి, గడప ముందు నిలబడి టోపీ తీశాడు.

మంగ్లి ఉయ్యాల ఊపుతోంది. అలికిడికి తలెత్తి చూసింది. అదే ముఖం. చూసి, చీర కొంగు సర్దుకుని లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

“ఎండల వచ్చినట్టున్నవ్ తాతా, నీళ్లు తాగు.”

అతను తాగాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనానికే ఏడుపొచ్చింది.

“తాతా, మా ఆయన ఏడన్న కనబడ్డడా? డ్యూటీ దిగంగనే వస్తనన్నడు.”

“మంగ్లీ, నేనే. నేనే వచ్చిన.”

ఆమె ముందు నవ్వింది. అతను ఒక అడుగు ముందుకు వేసేసరికి భయపడి, ఉయ్యాలకు అడ్డం నిలబడింది. “గిసొంటి ఎకసెక్కాలు ఆడకు తాతా. పెద్దమనిషివి. మా ఆయన ఇంటే ఊకోడు.”

హాతీరాం అక్కడే ఆగిపోయాడు. ఎన్నేళ్లు చెయ్యి ఊపాడు! ఒక్కసారి టోపీ తీసి చూపించి ఉంటే, తనతోపాటు ఆమెకూ తన ముసలితనం అలవాటయ్యేది. ఆ బుద్ధి పుట్టలేదు. గనిలో టోపీ తీయకూడదన్నారు, తీయలేదు.

వెనక డంపర్లు వరసగా నిలబడ్డాయి. లచ్చిరాం దూరం నుంచి చెయ్యి ఊపుతున్నాడు. “బయటికి రా అమ్మా” అన్నాడు హాతీరాం, సొంత పెళ్లాన్ని. “ఈడ మట్టి పోస్తరు.”

“మా ఆయన రాంది ఇల్లిడిసి నేనెట్ల వస్త? వచ్చి చూస్తే ఎవరుంటరు?”

ఎంత చెప్పినా కదలలేదు. అతను గడప దగ్గర కూలబడ్డాడు. ఆమె బయటికి రాకపోతే తనూ లేవకూడదని అనుకున్నాడు. పోస్తే ఇద్దరి మీదా పోయనీ.

అప్పుడు మట్టి దారిన ఆటో వచ్చి ఆగింది. హేమలత దిగింది. రానంటే రానని రాత్రంతా మొగుడితో వాదించిన మనిషి, పొద్దున మొదటి బస్సుకే బయలుదేరింది. గడప ముందు కూలబడ్డ తండ్రిని చూసి, రంగు వేసిన జుట్టు చూసి, ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. హేమలతకు అమ్మమ్మ పోలిక. అదే నుదురు, అదే నడక, చెంపల దగ్గర అదే నెరిసిన జుట్టు.

మంగ్లి ఆమెను చూసింది. ముఖమంతా విప్పారింది.

“యాడీ! ఇప్పుడా వచ్చేది? నాకు జరమొచ్చిందని కబురు అందలేదా?”

హేమలత తండ్రి వైపు చూసింది. హాతీరాం తల కిందికి వంచుకున్నాడు. ఆమె గడప దాటి, తనకంటే ఎంతో చిన్నదైన తల్లిని దగ్గరికి తీసుకుని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. నర్సు చెయ్యి. మంగ్లి నుదురు ఇంకా కాలుతోంది.

“అందింది బిడ్డా. తోల్కపోదామనే వచ్చిన.”

“మరి మా ఆయన?”

“డ్యూటీ దిగి మన ఇంటికే వస్తడు. నేను చెప్త.”

ఎవరు చెప్పినా కదలని మంగ్లి అమ్మ మాటకు కదిలింది. ఉయ్యాల చీర విప్పి, అందులో లేని బిడ్డను జాగ్రత్తగా మడిచి హేమలత చేతుల్లో పెట్టింది. “నిద్ర లేపకు యాడీ. ఇప్పుడే పండుకున్నది. చూడు, నీ మనుమరాలు ఎంత బాగున్నదో.”

హేమలత ఆ ఖాళీ చీరను గుండెకు హత్తుకుని, “బాగున్నది” అంది. ఇన్నేళ్ల కోపం అక్కడే కరిగి, చీర తడిసింది.

మంగ్లి గడప దాటుతూ హాతీరాం దగ్గర ఆగింది. “తాతా, నువ్వు ఈడనే ఉంటవు కదా? మా ఆయన వస్తే చెప్పు. మా యాడి వచ్చి తోల్కపోయిందని చెప్పు. అలిగి పోలేదని చెప్పు.”

“చెప్త” అన్నాడు హాతీరాం.

హేమలత చీర మూటను తిరిగి ఆమె చేతికిచ్చి, “మీ ఆయనకు చెప్పి ఎనక బస్సుకు వస్త” అని ఏన్కూరు బస్సు ఎక్కించింది. మంగ్లి పుట్టిల్లు అటే. కండక్టరు ఒక టికెట్టు కొట్టి, చీర మూట వైపు చూసి, చంటిపిల్లకు అక్కర్లేదన్నాడు. బస్సు అడవి మలుపు తిరిగేదాకా హేమలత నిలబడి చూసింది. సాయంత్రానికి ఇంటి మీద మట్టి పడింది. తండ్రీ బిడ్డా ఆ రాత్రి కమ్లి ఇంట్లో పడుకున్నారు, ఎవరూ అన్నం ముట్టలేదు.

“ఇగ మన ఇంటికి పోదాం బాపూ. అడిగేటోళ్లు ఎవరూ లేరు” అంది హేమలత పొద్దున్నే. హాతీరాం అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. బిడ్డను బస్సెక్కించి, నేరుగా మట్టి పోసే డంపు మీదికి పోయి, ఇల్లున్న చోట జెండా పట్టుకుని నిలబడ్డాడు.

లచ్చిరాం దగ్గరికొచ్చాడు. “ఇంకా ఎవల కోసం పెద్దాయనా?”

“ఒకాయనకు కబురు చెప్పేదున్నది” అన్నాడు హాతీరాం, గని దారి వైపు చూస్తూ. “డ్యూటీ దిగంగనే ఈడికే వస్తడు. వచ్చి ఇల్లు లేదని చూస్తే, పెండ్లాం అలిగి పోయిందనుకుంటడు పాపం.”