పదకొండో ముక్క

కోర్టు వరండాలో ఉన్నది ఒకటే బెంచీ. ఒక చివర నేను కూర్చున్నాను. రెండో చివర కూర్చున్న పెద్దావిడ కడుపులోంచి, ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకి, రక్తం అద్దే ఒక గాజుగుడ్డ తీశారు. ఆ ఆపరేషన్‌లో గుడ్డలు లెక్కపెట్టిన నర్సుని నేనే. ఆవిడ నన్ను గుర్తుపట్టే వీల్లేదు. ఆ రోజు నా మొహానికి మాస్కు, ఆవిడకి మత్తు.

"ఇటు జరుగమ్మా, అక్కడ ఎండ పడుతోంది" అంది. జరిగాను.

"జాకెట్టు చేతి అంచు ఊడింది, చూసుకోలేదా?"

"లేదండీ."

"చెప్పే మనిషి లేరా ఇంట్లో?"

"లేరు."

సంచిలోంచి సూదీ దారం తీసింది. "కుట్టుపనిదాన్ని. ఊడిన అంచు కనబడితే చెయ్యి ఊరుకోదు. కదలకు, గుచ్చుకుంటుంది."

నా మణికట్టు పట్టుకుంది. పని మీద తప్ప ఇంకొకరి చెయ్యి నాకు తగిలి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. కదలకుండా కూర్చున్నాను.

"ఎనిమిది నెలలు నా కడుపులో కాపురం పెట్టిందమ్మా ఆ గుడ్డ. మా ఆయన కూడా ఒకచోట అంత కుదురుగా ఉండలేదు" అని తనే నవ్వింది. "కోడలు గ్యాసంది. డాక్టరు వయసన్నాడు. చివరికి నాకే పిచ్చేమో అనుకున్నా. ఇప్పుడేమో ఆ గుడ్డ తమది కాదంటున్నారు. ఇరవై ఏళ్ళ కిందట వేరే ఆస్పత్రిలో కోయించుకున్నాలే, అప్పటిదట. వీళ్ళ కాగితంలో లెక్క సరిపోయిందట."

కాగితం నిజమే. పది గుడ్డలు ఇచ్చాను, పది తిరిగొచ్చాయి. కానీ మధ్యలో సర్జన్ ఇరుకు చోటుకి చిన్నది అడిగితే ఒకదాన్ని రెండుగా కత్తిరించాను. కత్తిరించకూడదు. కత్తిరిస్తే లెక్క రాసే బోర్డు దగ్గరున్న నర్సుకి చెప్పి రాయించాలి. ఆమె రక్తం తేవడానికి వెళ్ళింది. వచ్చాక చెబుదామనుకున్నాను. చివర్లో తడిసి ముద్దైన ఆ రెండు సగాల్నీ రెండుగానే లెక్కపెట్టాను. పదీ వచ్చాయి. కత్తిరించినందుకు పదకొండో ముక్క రావాలన్న సంగతి మర్చిపోయాను.

కోర్టు నోటీసు వచ్చిన వారానికి, ఇంట్లో పాత దుప్పటిని తుడుపుగుడ్డల కోసం కత్తిరిస్తుంటే గుర్తొచ్చింది. కత్తెర అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అప్పట్నుంచి నేను అన్నం తింటుంటే అది ఎదురుగా కూర్చుంటోంది. నాకొక్కదానికే తెలిసిన సంగతి. చెప్పేస్తే ఆ తోడూ పోతుందని భయం వేసేది. ఆ భయానికి సిగ్గూ వేసేది.

"లెక్కపెట్టారా, పది వచ్చాయా, అంతవరకే చెప్పండి సిస్టర్. అడగనిది మీకెందుకు?" అన్నాడు పొద్దున ఆస్పత్రి లాయరు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

తలుపు తెరుచుకుంది. "ఆపరేషన్ థియేటర్ నర్సు ఎవరమ్మా? రండి" అన్నాడు బంట్రోతు.

మణికట్టు మీద ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత వదిలేసింది. సగం కుట్టిన అంచులో సూది అలాగే ఉండిపోయింది.

బోనెక్కాను. ఆవిడ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"లెక్క సరిపోయిందా?" అడిగాడు లాయరు.

"సరిపోయింది."

ఆయన కూర్చోబోయాడు.

"ఒకదాన్ని మాత్రం నేను రెండుగా కత్తిరించాను. అది రాయించలేదు" అన్నాను.

లాయరు సగంలో ఆగిపోయాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "అయితే ఏమిటి?" అన్నారు. వివరంగా చెప్పాను, రెండుసార్లు. కానీ ఆవిడ మొదటిసారికే కళ్ళు మూసుకుంది. ఏళ్ళ తరబడి గుడ్డ కత్తిరించిన మనిషి.

బయటికొచ్చేసరికి బెంచీ పక్కన నిలబడి ఉంది. ఏమన్నా అంటుందేమోనని ఆగాను. తిట్టినా బాగుండేది.

చెయ్యి చాపింది.

"సూది ఇవ్వండి."

తీసిచ్చాను. దారం తెంపి, సూదిని సంచిలో పెట్టి, పెట్టానో లేదో మళ్ళీ ఒకసారి చూసుకుని వెళ్ళిపోయింది.

ముడి వెయ్యని కుట్టు. బస్సు ఎక్కేసరికి అంచంతా ఊడిపోయింది.