దొర ముందు ఆగిపోయే కాళ్లు

"మీరే ఓడగొట్టిండ్రు! పిట్లం ఊరోల్లు గెలువలే. మీరే చేజేతుల ఓడగొట్టిండ్రు!"

పోసవ్వ ఈ మాట నలుగురి ముందు, పట్టపగలు, దొర బియ్యం మిల్లు వాకిట్లో నిలబడి అన్నది. చంకలో బీడీల చాట. చేతిలో తునికాకు కత్తిరించే కత్తెర. ఆ కత్తెరతోనే వేలెత్తినట్టు అరుగు మీది మనిషిని చూపించింది.

అరుగు మీద ఉన్నది ఆదిశేషయ్య. మిల్లులో గుమాస్తా, దొర నెలజీతమిచ్చి పోషిస్తున్న బాన్సువాడ హాకీ జట్టుకు పెత్తందారు. ఆయన ముందు నేల మీద జట్టంతా తలలు వేలాడేసి కూర్చుంది.

"నడువ్ నడువ్. బీడీలు చుట్టుకునేదానివి, నీకెందుకు ఆట ముచ్చట?" అన్నాడు ఆదిశేషయ్య.

"ఎండల కూసుండి గొంతు చింపుకునేది మేము పంతులూ. నువ్వు గొడుగు కింద కునుకు తీస్తుంటివి. ఆట ముచ్చట నాకు గాకుంటె నీకా?"

నేల మీద ఎవరో కిసుక్కున నవ్వి మళ్లీ తల దించుకున్నారు.

ఆదిశేషయ్యకు నవ్వు రాలేదు. ఒళ్లోని కాగితం ఎత్తి చూపించాడు. "ఓటమికి కారణం దొరికింది. జేత్యా పేరు కొట్టేసిన. వచ్చే శుక్రారం, జుమ్మా నాడు బోధన్ జట్టు మీద వాడు ఆడడు. చినదొరకు అడ్డం ఉరికిండు. చినదొర అంగీ మీద దుమ్ము పడ్డది. మర్యాద తెల్వనోడు జట్టుల ఎందుకు?"

లంబాడీ తండా నుంచి వచ్చిన జేత్యా దూరంగా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు, అప్పటికే లాగేసుకున్నారు.

"నాకు గోలు కనపడ్డది. దొర కనపడలే," అన్నాడు మెల్లగా.

మూడు ఆటలు వరుసగా పోయాయి. కామారెడ్డి చేతిలో పోయింది, ప్రయాణం చేసి అలసిపోయారు అన్నారు. జుక్కల్‌లో పోయింది, మైదానం నిండా రాళ్లు అన్నారు. ఇప్పుడు సొంత ఊళ్లో పిట్లం చేతిలో పోయింది. పిట్లం! సంత నాడు తప్ప పది మంది ఒక్కచోట కనిపించని పిట్లం! ఇంటికి పోతూ పిట్లం వాళ్లు బండ్ల మీద నిలబడి గంతులేస్తుంటే, పోసవ్వ పిడికెడు మట్టి తీసి విసిరింది. ఆ మూడు ఆటల్లో బాన్సువాడ వేసింది ఒక్కటంటే ఒక్క గోలు. ఆ గోలు వేసినవాడి పేరే పంతులు కొట్టేశాడు.

ఈ ఆట ఆమెకు నిన్నమొన్న తెలిసింది కాదు. కాలువ తవ్వే రోజుల్లో సర్కారు కాంపులోని నౌకర్లు సాయంత్రం కర్రలు పట్టుకుని ఉరుకుతుంటే, తట్ట మోసి మోసి వచ్చి గట్టు మీద కూలబడి చూసేది. మొదట పిచ్చోళ్ల పని అనుకుంది. నెల తిరిగేసరికి అంపైరు ఈల తప్పయితే గట్టు మీది నుంచే తిట్టడం నేర్చింది. ఇప్పుడు మైదానం అంచున కూర్చుంటే బీడీ చుట్టేది వేళ్లే, కళ్లు బంతి మీదే. నిరుడు బాన్సువాడ ఒక్క ఆట ఓడలేదు. బంతి ఎవడికి అందితే వాడు ఉరికేవాడు, మిగతావాళ్లు చెరోవైపు చీలి వాడికంటే ముందు పోయి నిలిచేవాళ్లు. చూస్తుంటే చేతిలో ఆకు చినిగిపోయేది.

జర్మనీ జంగు ముగిసిన ఈ యేడే దొర కొడుకు చినదొర హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చి జట్టు నడుమ నిలబడ్డాడు. ఆట రాని మనిషి కాదు. అబద్ధమెందుకు, బంతి అతని కర్రకు అంటుకున్నట్టే పోతుంది. మరి ఎందుకు ఓడుతున్నారు? పోసవ్వ మూడు ఆటలూ ఇదే తండ్లాట పడింది. కర్రలు చూసింది, కాళ్లు చూసింది. దిష్టి తగిలిందేమోనని మిరపకాయలు కూడా తిప్పి పొయ్యిలో వేసింది.

పిట్లం ఆట చివర్లో తెలిసింది. చినదొర దగ్గర బంతి, అతని మీద ఇద్దరు. కుడివైపు ఎడ్లబండి తోలేంత ఖాళీ. ఆ పక్కన ఆడే ముత్తెన్న ఆ ఖాళీలోకి ఉరికితే చాలు, ముందు గోలు తప్ప ఇంకేమీ లేదు. ముత్తెన్న ఉరికాడు. చినదొర భుజం దాకా వచ్చాడు. అక్కడ ముకుతాడు లాగిన ఎద్దులా ఆగిపోయాడు. చినదొర తలెత్తి చూస్తే ముందు మనిషి లేడు. పిట్లపోడు బంతి గుంజుకుపోయాడు.

అప్పుడు చూసింది పోసవ్వ, ముత్తెన్న ఒక్కడే కాదు. అందరూ చినదొరకు రెండడుగులు వెనకే. దొర బండి వెనక నడిచినట్టు వరుసగా, పద్ధతిగా ఉరుకుతున్నారు. తోవలో దొర వస్తే చెప్పులు చేతబట్టుకుని పక్కకు జరగాలి. దొరను దాటి ముందుకు పోవద్దు. అడుగులు నేర్చిన నాడే నేర్చిన పని అది. మైదానంలోకి వచ్చినా కాళ్లు దాన్ని మరువలేదు. జేత్యా తండాలో పెరిగాడు, దొర ఇంటి వాకిలి తొక్కనివాడు. ఆ ఆటలో వాడొక్కడే అడ్డంగా చొచ్చుకుపోయి గోలు కొట్టాడు. ఊరు చప్పట్లు కొట్టలేదు, చినదొర అంగీ మీది దుమ్ము చూసింది.

పోసవ్వ ముత్తెన్న ముందుకు పోయి నిలబడింది.

"నిజం చెప్పు తమ్మీ. ఎందుకాగినవ్?"

ముత్తెన్న నేల గీరాడు. "ఏం చెప్పాలె అక్కా. ఉరుకుదామనే ఉంటది. దొర పక్కకు వచ్చేసరికి కాళ్లు రావు."

"ఇన్నవా పంతులూ?"

ఆదిశేషయ్య వినలేదు, లేచి నిలబడి దండం పెడుతున్నాడు. చినదొర సైకిలు దిగి వస్తున్నాడు. నేల మీద కూర్చున్నవాళ్లు ఒక్క ఊపున లేచి గోడ దాకా జరిగారు. పోసవ్వ జరగలేదు.

"ఏందీ లొల్లి?" అన్నాడు చినదొర.

"నీ ముంగట ఉరుకుతందుకు నీ జట్టుకు భయం దొరా. అందుకే ఓడుతున్నం."

చినదొర మొహం ఎర్రబడింది. "నేనెన్నడన్న వద్దన్ననా? ముందుకు పోండ్రి, ముందుకు పోండ్రి అని మొత్తుకుంటున్న గదా!"

"నువ్వు అనలే. మీ తాత అన్నడు, మా తాత ఇన్నడు. మా కాళ్లు ఇంకా ఇంటున్నయ్. నమ్మవా? కర్ర పట్టు. బంతి పెట్టు. నిన్ను దాటిపొమ్మని ముత్తెన్నకు చెప్పు."

చినదొర కుర్రవాడు, పంతం వచ్చింది. వాకిట్లోనే బంతి పెట్టి కదిలాడు. "ఉరుకు ముత్తెన్నా!" అని తానే అరిచాడు. ముత్తెన్న ఉరికాడు. భుజం దాకా వచ్చాడు. ఆగాడు. మళ్లీ ఉరికించాడు చినదొర. మళ్లీ అక్కడే ఆగాడు. ముత్తెన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ బాంచెన్ దొరా, నాతోని అయితలేదు," అన్నాడు.

చినదొర కర్ర దించేశాడు. ఆదిశేషయ్యను చూసి గొణిగాడు. "జేత్యాను ఉంచుకుందునే పంతులూ. మా నాయనకు ఏం చెప్పాలె?"

"అదే గదా! పెద్దదొర ఊకుంటడా?" అని ఆదిశేషయ్య కాగితం మడిచాడు.

పోసవ్వకు ఓపిక అయిపోయింది. బీడీల చాట అరుగు మీద, ఆ కాగితం పక్కనే ధన్‌మని పెట్టింది.

"మైదానం ఊడ్చేది మా బీడీల గల్లీ ఆడోళ్లు. కాలువ నుంచి బిందెలు మోసి దుమ్ము అణిగేదాక నీళ్లు చల్లేది మేము. వెట్టికి, ఉత్తపుణ్యానికి! జేత్యా లేకుంటె జుమ్మా నాడు ఒక్క చీపురు లేవదు. బోధనోల్లు వచ్చి ఆ చెత్తల ఆడుకొని పోనీ. ఏమంటవ్ గంగామణీ?"

వాకిలి బయట గోడ మీద నుంచి తొంగిచూస్తున్న బీడీల గల్లీ గంగామణికి ఇది అనుకోని పిలుపు. పిట్లం ఆట నాడు పోసవ్వ ఈల వేస్తే కొంగు పట్టి కూర్చోబెట్టింది ఆమే. చినదొరను చూసింది, కొంగు నెత్తిన సర్దుకుంది. సర్దుకుంటూనే అన్నది, "నా నడుము ఎట్లనో నొస్తున్నదిలే అక్కా. నేను ఊడ్వ."

జట్టులో ఒకడు పకాలున నవ్వాడు. ఈసారి తల దించుకోలేదు.

ఆదిశేషయ్య మొహం మాడిపోయింది. "ఆడోళ్లు చెప్పినట్టు జట్టు నడుస్తదా? దొరా, నువ్వు అను!"

పోసవ్వ చినదొర వైపే తిరిగింది.

"మీ నాయనకు చెప్పేది మల్ల చెప్పు. ముందుగాల ఇక్కడ పని చెయ్. గా కాగితం తియ్. జేత్యా పేరు నడుమ రాయి. నువ్వు వాని ఎడమ దిక్కు నిలబడు. ఇయ్యాల పొద్దూకేదాక వీళ్లందరిని నీ ముంగట ఉరికించు, ఒక్కొక్కని కాలు నిన్ను దాటి నేల తాకేదాక. రాయి దొరా. మా అందరి ముంగట, ఇప్పుడే రాయి."