బొటనవేలి జవాబు

విమానం రెక్క కింద అతను బూట్లు విడిచి, మొనలు బయటికి తిరిగి ఉండేలా కాలితోనే సర్దాడు. విమానం దిగేటప్పుడు కిందికి చూడకపోయినా పాదాలు తిన్నగా వాటిలోకే జారాలి. లేసులు విప్పలేదు. ఈ మధ్య విప్పడం మానేశాడు. పొద్దున్నే భార్య గడప దగ్గర చతికిలబడి, ఊడిపోకుండా, అలాగని బిగుసుకుపోకుండా రెండేసి ముళ్ళు వేసి పంపిస్తోంది. ముడి ముడిలాగే ఉంటుంది, పాదం మాత్రం వచ్చిపోతూ ఉంటుంది.

విమానం చిన్నది. నలుగురు ఎక్కితే ఐదోవాడు తన ఊపిరి బయట వదిలేసి రావాలి. దాని పైలట్‌కి లోపలున్న పాత గడియారం మీద విసుగు పుట్టింది. అది కీ ఇచ్చే రకం. బుద్ధి పుడితే నడిచేది, లేకపోతే అలిగి కూర్చునేది. దాని చోట అంకెలు వెలిగే డిజిటల్ గడియారం పెట్టాలి. ఫోన్ చార్జింగ్ పెట్టుకునే యూఎస్‌బీ కంత కూడా ఆ గడియారం మొహంలోనే ఉంది. పాతది ఊడదీసిన గుండ్రటి కన్నంలో కొత్తది అచ్చంగా పడుతుంది. ముందు నుంచి చూస్తే నాలుగు స్క్రూల పని. వెనక వైర్లు కలపడమే అసలు పని, దానికి తలకిందులు కావాలి.

విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో అతని పేరే తలకిందులు. చిన్నవాళ్ళు మర్యాద కోసం తలకిందులు గారు అనేవాళ్ళు. అమ్మా నాన్నా పెట్టిన పేరు జీతం ఇచ్చేటప్పుడు తప్ప ఎవరి నోటా వచ్చేది కాదు. అప్పుడు కూడా రెండుసార్లు పిలిస్తే గాని పలికేవాడు కాదు. పైలట్ సీటు వెనక్కి తోసి, దాని మీద వెల్లకిలా జారి, తల తీసుకెళ్ళి కాళ్ళతో తొక్కే పెడల్స్ రెండింటి మధ్యా పెట్టేవాడు. నడుం సీటు అంచున, కాళ్ళు సీటు వీపు మీద నుంచి పైకి. అలా పడుకుంటే డయల్స్ వెనకున్న వైర్ల అడవి అంతా మొహం మీదికి వేలాడుతుంది. బయటి నుంచి చూసేవాడికి తెరిచిన తలుపులో రెండు అరికాళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

అందుకని సగం షెడ్డుకి అతని మొహం కన్నా అరికాళ్ళే బాగా తెలుసు. ఒక పైలట్ మంగలి షాపులో అతని పక్కనే గంటసేపు కూర్చుని ఎవరో అనుకున్నాడట. ఇతను చెప్పులు విడిచి కాలు మీద కాలు వేసుకున్నాక, "ఓహో, మీరా!" అని లేచి నిలబడి చెయ్యి కలిపాడట. తోకలకీ రెక్కలకీ రంగులు వేసే పెయింటరు చెప్పే కథ ఇది. పెయింటరు చెప్పేవాటిలో సగం రంగు, సగం నీళ్ళు. తల్లి కడుపులోంచి కూడా కాళ్ళతోనే బయటికొచ్చాడనీ, ఆ రోజు నుంచీ అదే అలవాటైపోయిందనీ కథ పుట్టించినవాడు కూడా వాడే.

నోట్లో టార్చి కరుచుకుని పని చేస్తాడు కాబట్టి అతను మాట్లాడలేడు. ఎవరైనా ఏదైనా అడిగితే కాలి బొటనవేళ్ళే జవాబు చెప్పేవి. కుడి బొటనవేలు ఆడిస్తే అవును. ఎడమది ఆడిస్తే కాదు. రెండూ ఒకేసారి ఆడిస్తే, నన్ను పని చేసుకోనిచ్చి నువ్వు అవతలికి పో అని. సూపర్‌వైజరు మొదలుకొని ఊడ్చే మనిషి దాకా అందరికీ ఈ భాష వచ్చు.

ఆ అరికాళ్ళకి మేజోళ్ళు ఉతికి, చిరిగితే నీలం దారంతో కుట్టి పంపడం భార్య పని. ఇంట్లో ఉండేది ఇద్దరే. "అందరి మొగుళ్ళ మొహాలూ నలుగురికీ కనిపిస్తాయి. నా ఖర్మకి మీ మడమలు కనిపిస్తాయి. అవి చిరిగి ఉంటే పోయేది నా పరువు" అనేది.

పెయింటరు చెప్పిన కథల్లో గొప్పది ఇంకోటుంది. ఒకసారి ఇతను లోపల పని చేస్తున్నాడని చూసుకోకుండా పైలట్ విమానం లేపేశాడట. ఇతను మేఘాల్లోనే వైరు బిగించి, అవతలి ఊళ్ళో దిగి, బస్సెక్కి వెనక్కి వచ్చాడట. కొత్తగా చేరినవాళ్ళు నోరు తెరుచుకుని, "నిజమేనా తలకిందులు గారూ?" అని అరికాళ్ళని అడిగేవాళ్ళు. కుడి బొటనవేలు ఆడేది. ఇవాళ్టిదాకా ఆ వేలు ఆడిన అబద్ధం అదొక్కటే. నిజానికి అతను ఏనాడూ గాలిలోకి లేచిన పాపాన పోలేదు. ఎక్కించుకుంటామని ఎవరూ అనలేదు. ఎక్కుతానని ఇతనూ అనలేదు.

మొన్నీమధ్య ఒక సాయంత్రం ఇంట్లో, మంచం కింద పడ్డ దువ్వెన తీయబోయి అలాగే ఒరిగిపోయాడు. ఆస్పత్రిలో ఫొటోలు తీసి, తలలో ఒక రక్తనాళం పలచబడి బుడగలా ఉబ్బిందన్నారు. ఆపరేషన్ చెయ్యచ్చో లేదో పెద్ద డాక్టర్లు చూడాలి. ఈలోగా తల కిందికి దించకూడదు. "వంగి బూటు లేసు కూడా కట్టుకోకండి" అన్నాడు డాక్టరు.

"ఆయన చేసే ఉద్యోగమే అది కదండీ డాక్టరు గారూ" అంది భార్య.

డాక్టరుకి ఆ మాట అర్థం కాలేదు. ఆయన విమానం ఎక్కినవాడే గాని, దాని డయల్స్ వెనక్కి చూసినవాడు కాదు.

ఇవాళ పొద్దున ముళ్ళు వేస్తూ ఆమె తల ఎత్తకుండానే అడిగింది. "ఇవాళైనా చెప్తారా? బల్ల దగ్గర కూర్చుని చేసే పని ఏదైనా ఇమ్మని?"

"చెప్తా."

"నిన్న కూడా ఇదే చెప్తా."

"ఇవాళ్టి చెప్తా వేరే."

"నా మీద ఒట్టు."

"గడియారం ఒకటుంది. అది పెట్టేసి చెప్తా."

ఆమె ఎడమ కాలి ముడి కొంచెం గట్టిగా లాగింది.

విమానం లోపలికి జారి, తల పెడల్స్ మధ్య ఆనించగానే చెవుల్లో హోరు మొదలైంది. నెత్తి మీద బట్టతల, దాని మధ్య ఎప్పుడో రేకు అంచు కోసిన మచ్చ, ఆ మచ్చ కూడా ఎర్రబడి ఉంటుంది. చేతులు వాటంతట అవే పైకెళ్ళాయి. పాత గడియారం మరలు వదులు చేసి, దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని పొట్ట మీద పెట్టుకున్నాడు. అది చల్లగా తగిలింది.

కొత్తదానికి రెండు తీగలు ముఖ్యం. ఎర్రది తిన్నగా బ్యాటరీకి పోవాలి. విమానం అంతా ఆర్పేసినా ఆ తీగలో ప్రాణం ఉంటుంది, గడియారం లోపల్లోపల నడుస్తూనే ఉంటుంది. నారింజరంగుది స్విచ్చికి పోవాలి. చార్జరూ, అంకెల వెలుగూ దాని మీద బతుకుతాయి. స్విచ్ ఆర్పితే అవి పడుకుంటాయి. ఈ రెండూ తారుమారైతే, విమానం ఆర్పినప్పుడల్లా గడియారం టైము మరిచిపోయి సున్నా దగ్గర కూర్చుంటుంది. ఇదంతా అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

కానీ తీగలు చేతికి తీసుకున్న వేళకి కళ్ళ ముందు అంచుల్లోంచి నలుపు కమ్ముకుంటూ వచ్చింది. ఎర్రదీ నారింజదీ ఒకే బూడిదరంగులోకి మారాయి. కళ్ళు మూసి తెరిచాడు. నలుపు పోలేదు.

"తలకిందులూ, బాగానే ఉన్నావా?" అని రెక్క అవతల నుంచి పెయింటరు కేకేశాడు.

కుడి బొటనవేలు ఆడింది. పైన చెప్పిన లెక్కలో ఇది రెండో అబద్ధం.

తడుముకుంటూ తీగలు కలిపి, అతుకుల మీద రబ్బరు గొట్టాలు తొడిగి, ఇవతలికి వచ్చి ముందు నుంచి నాలుగు స్క్రూలూ బిగించాడు. కాసేపు సీటు పట్టుకుని కళ్ళు మూసుకున్నాక షెడ్డు మళ్ళీ తన రంగుల్లోకి వచ్చింది. దిగి, బూట్లలోకి పాదాలు జార్చి, తిన్నగా సూపర్‌వైజరు గదికి నడిచాడు. గడియారం పెట్టేశాడు కదా, ఇక చెప్పాలి.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. టిఫిన్ డబ్బా మూత పెట్టి, కుర్చీ చూపించి, అంతా విన్నాడు.

"బల్ల దగ్గర ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఉన్నవాడికి మీసాలు మొన్ననే వచ్చాయి. ఇప్పట్లో లేవడు" అన్నాడు.

"అవునండీ."

"ఆ కన్నాల్లో దూరడానికి నాకున్నది నువ్వొక్కడివే. నువ్వు దూరనంటే..." అని ఆగి, డబ్బా మీద వేళ్ళతో కొట్టాడు. "ఒంట్లో బాగాలేదంటే బలవంతం పెట్టను. ఇంటికెళ్ళి హాయిగా విశ్రాంతి తీసుకో. నేను కాదనను."

ఆ మాట తలుపు తీసినట్టే ఉంది. కాకపోతే అది బయటికి పోయే తలుపు.

"లేదులెండి. ఊరికే అడిగా" అని లేచాడు.

సాయంత్రానికి పరీక్ష చెయ్యడం మిగిలింది. చార్జరు పనిచేస్తోందో లేదో చూడాలంటే ఫోన్ పెట్టి చూడాలి. బూట్లు మళ్ళీ రెక్క కింద విడిచి ఎక్కి, తన ఫోనే తీసి పెట్టాడు. దానికి బ్యాటరీ ఎప్పుడూ అడుగంటే ఉండేది. భార్య ఫోన్ చేసినప్పుడల్లా సగం మాటలో చచ్చిపోయేది. ఇప్పుడు దాని మీద మెరుపు గుర్తు వెలిగింది. గడియారానికి టైము పెట్టాడు. పైలట్ సీట్లో తల పైకి ఉంచి కూర్చోవడం అతనికి కొత్తగా అనిపించింది. అద్దంలోంచి ఎదురుగా సున్నం కొట్టిన గోడ, దానికి వేలాడేసిన మంటలార్పే ఎర్రటి సిలిండరు కనిపించాయి. దాన్నే చాలాసేపు చూశాడు.

ఫోన్ మోగింది.

"చెప్పారా?"

"చెప్పా."

"ఏమన్నారు?"

"చూద్దామన్నారు."

"చూద్దామంటే?"

"చూద్దామంటే చూద్దామనే."

ఈసారి ఫోన్ సగం మాటలో చచ్చిపోలేదు. మెరుపు గుర్తు వెలుగుతూనే ఉంది.

"ఇక తల కిందికి పెట్టరుగా?"

"పెట్టను. పనైపోయింది. వచ్చేస్తున్నా."

ఫోన్ జేబులో పెట్టుకుని, స్విచ్ ఆర్పాడు. మళ్ళీ వేశాడు. గడియారం మీద నాలుగు సున్నాలు వచ్చి ఆరుతూ వెలుగుతూ నిలబడ్డాయి.

కిటికీలోంచి పెయింటరు తొంగిచూశాడు. వాడి ముక్కు మీద తెల్ల రంగు చుక్క ఉంది. "ఏమైంది రా?"

"తారుమారు చేశా."

"నువ్వా!"

"నేనే."

"వదిలెయ్ రా బాబూ. ఆ పైలట్ చేతికి వాచీ లేదా? రేపు ఇంకొకడెవడో చూసుకుంటాడు."

"ఆ ఇంకొకడు ఎవడ్రా? నేనే కదా."

"పోనీ నేను దూరనా?"

"నువ్వు దూరితే విమానం కోసి బయటికి తియ్యాలి నిన్ను."

పెయింటరు నవ్వాడు గాని, నవ్వు సగంలో ఆపేసి అతని మొహంలోకి చూశాడు. మొహం కేసి చూడడం ఇద్దరికీ అలవాటు లేదు. తలకిందులు మొహం తిప్పేసుకుని, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని వెనక్కి జారాడు. అరికాళ్ళు పైకి లేచాయి. మడమల దగ్గర నీలం దారం కుట్లు వరుసగా, చేత్తో రాసిన అక్షరాల్లా ఉన్నాయి.

"ఊపిరి ఆడుతోందా?"

కుడి బొటనవేలు.

"ఇంకా చాలాసేపు పడుతుందా?"

ఎడమ బొటనవేలు.

"మీ ఆవిడకి చెప్పేస్తా, మళ్ళీ దూరాడని."

రెండు బొటనవేళ్ళూ కలిసి ఆడాయి.

పెయింటరు నవ్వుకుంటూ తోక దగ్గరికి పోయి, మిగిలిన గీత పూర్తి చేశాడు. బ్రష్ కిరోసిన్లో ముంచి, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"టీకి పోదామా?"

వేళ్ళు కదల్లేదు.

"డబ్బులు నేనిస్తాలే."

కదల్లేదు.

"అలిగావా? సరే, మీ ఆవిడకి చెప్పనులే రా."

మడమ మీద కుట్టిన చోట గోరుతో గీరాడు. మామూలుగా అలా గీరితే అతను సీటు వీపు విరిగేలా తన్నేవాడు. పెయింటరు చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత రెండు అరచేతులతో ఆ రెండు పాదాలూ పట్టుకుని, షెడ్డు అదిరిపోయేలా అరిచాడు. అరిచింది తలకిందులు అని కాదు. జీతం ఇచ్చేటప్పుడు పిలిచే పేరు.

ఆస్పత్రి వరండాలో భార్య కేకలేమీ పెట్టలేదు. దుప్పటి కింద నుంచి బయటికొచ్చిన పాదాలు చూసి, మేజోళ్ళు సరిచేసి, "బూట్లేవి?" అంది.

"తెస్తా వదినా" అన్నాడు పెయింటరు.

దినవారాలన్నీ అయిపోయాక ఒక ఉదయం పైలట్ వచ్చాడు. సూపర్‌వైజరు టార్చి వేయించి చూపించాడు. ఎర్రది బ్యాటరీకి, నారింజది స్విచ్చికి కలిపి, రబ్బరు గొట్టాలు తొడిగి ఉన్నాయి. చివరి గొట్టం మాత్రం సగంలో ఆగింది. దాన్ని వేలితో ముందుకి తోస్తే సరిపోయింది. పైలట్ టైము పెట్టుకుని, స్విచ్ ఆర్పి, మళ్ళీ వేశాడు. గడియారం మరిచిపోలేదు. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని, బావుంది అన్నాడు.

ట్రాక్టరు విమానాన్ని బయటికి లాగింది. రెక్క నీడ నేల మీద నుంచి జరుగుతూ జరుగుతూ గుమ్మం దాటిపోయింది. ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని వచ్చి, అన్ని చోట్లా ఊడ్చి, ఒక్కచోట చుట్టూ తిరిగిపోయింది. పెయింటరు తెస్తానన్నవి తియ్యడానికి వంగబోయాడు. వంగలేక, ఒట్టి చేతులతో నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఇంకో విమానాన్ని తోసుకొచ్చారు. దాని రెక్క వచ్చి సరిగ్గా అక్కడే ఆగింది. దాని కింద ఆ బూట్లు మొనలు బయటికి తిరిగి, పాదం పట్టేంత నోరు తెరుచుకుని ఉన్నాయి. లేసుల మీద ఆమె వేసిన రెండేసి ముళ్ళూ ఊడకుండా, బిగుసుకోకుండా అలాగే ఉన్నాయి, ఎడమదొక్కటే కొంచెం గట్టిగా.