ఇక మాట్లాడుకోవచ్చు

మేం ఆడే కార్డుల ఆట కంపెనీవాళ్లు పంపిన కాగితం నాలుగు పేజీలుంది. మూడున్నర పేజీల నిండా ఏ కార్డులు ఇకమీదట చెల్లవో, ఏ కార్డు బలం ఎంత తగ్గించారో రాశారు. జంట ఆట సంగతి నాలుగో పేజీ అడుగున ఒకే ఒక్క వాక్యంలో ఉంది. వచ్చే నెల మొదటి తేదీ నుంచి జంట ఆట రద్దు, పోటీలన్నీ ఒంటరి ఆటలుగానే జరుగుతాయి. జంటగా ఆడేవాళ్లు తక్కువట, అందుకని. తక్కువే, కాదనను. మా ఊళ్లో మొత్తం ఏడు జంటలం. ఎక్కడో కార్డుల అమ్మకాలు పడిపోతే, ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు కోత వచ్చి మా మీద పడింది.

కార్డుల షాపతను ఆ కాగితాన్ని మేడమీద మేం ఆడుకునే హాల్లో గోడకు అంటించాడు. నేను రెండుసార్లు చదివాను. కళ్లజోళ్ల దుకాణంలో లెన్సులు సానబట్టే పని నాది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టుకుంటాను. ఆ వాక్యంలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. వెనక్కి తిరిగితే మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. వాడూ చదివాడు. మేమిద్దరం మామూలుగా మాట్లాడుకుని ఆరేళ్లు దాటింది.

మాటల్లేని అక్కాతమ్ముళ్లు జంటగా ఎలా ఆడతారని కొత్తగా వచ్చినవాళ్లు షాపతన్ని చాటుగా అడుగుతుంటారు. అందుకు మాలాంటి వాళ్ల కోసమే పెట్టినట్టు ఒక నిబంధన ఉంది. బల్ల దగ్గర కూర్చున్నాక జంటలో ఇద్దరూ ఆట గురించి తప్ప ఇంకేదీ మాట్లాడకూడదు. ఊరికే మాట్లాడుతున్నట్టు నటిస్తూ సైగలు చేసుకుంటారని కంపెనీవాళ్ల అనుమానం. "తలనొప్పి తగ్గిందా" అని అడిగినా ఒక వంతు పోతుంది. మిగతా జంటలు ఆ నిబంధనను తిట్టుకునేవి. నాకు మాత్రం అది ఎండలో గొడుగు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తమ్ముడి పక్కన కూర్చుని "నీ దగ్గర కాపలావాడి కార్డుందా", "ఈ వంతు ఆగుదాం" అని వాడితో మాట్లాడేదాన్ని. మిగతా ఆరు రోజులూ మాకు ఫోన్లు లేవు, రాకపోకలు లేవు.

జంటకు కలిపి ముప్పై ప్రాణాలు, అవి అయిపోతే ఓడినట్టు. ఇద్దరి కార్డులూ ఒకే పెట్టెలో ఉండాలి. మా పెట్టె ఒక వారం నా దగ్గరుంటే ఇంకో వారం వాడి దగ్గర ఉండేది. ఒక్కో ఆటలో ఒకే ఒక్కసారి, నా చేతిలో ఉన్న కార్డును బోర్లించి వాడి వైపు జరపచ్చు, లేదా వాడు నాకు జరపచ్చు. దాన్ని చేతిమార్పు అంటారు. ఏడాదికి మూడు సీజన్లు. సీజను మొదట్లో జంట కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నేను ముందు పెట్టి కాగితాన్ని బల్ల మీద వదిలేసేదాన్ని. ఈసారి మానేస్తాడేమోనని ప్రతిసారీ వాడి చేతినే చూసేదాన్ని. పద్దెనిమిది సార్లూ వాడు పెట్టాడు. ఎందుకు పెడుతున్నాడో నేను అడగలేదు.

మా మధ్య మాటలు ఆగిపోయింది అమ్మ పోయిన రోజున. అప్పుడు వాడు లిఫ్టు మెకానిక్ లైసెన్సు పరీక్షకని వేరే ఊరు వెళ్లాడు. బస్సులో రెండు గంటల దూరం. పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రిలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "పిలవాల్సిన వాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోండమ్మా" అన్నాడు. నేను ఫోను చెయ్యలేదు. అమ్మ మధ్యాహ్నం రెండున్నరకు పోయింది. అప్పుడు చేశాను. వాడు వచ్చి, అమ్మను చూసి, వరండాలోకి వచ్చి నన్ను అడిగాడు, "డాక్టరు ముందే ఏమీ చెప్పలేదా?" అని.

"లేదురా, ఉన్నట్టుండి అయిపోయింది" అన్నాను.

వాడు కాసేపు నా మొహంలోకి చూశాడు. ఆ తర్వాత నాతో ఆట మాటలు తప్ప మాట్లాడలేదు. ఆఖరి చూపుకు అందలేదన్న బాధతో ముడుచుకుపోయాడని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ అందరికీ చెప్పి నవ్వేది. ఈ ఒక్క గింజ మాత్రం ఆరేళ్లు నానింది. ఇవాళ చెప్పేస్తాను అనుకుంటూనే ప్రతి ఆదివారం ఇంట్లోంచి బయల్దేరేదాన్ని. బల్ల దగ్గర కూర్చోగానే నిబంధన అడ్డొచ్చేది. హమ్మయ్య అనుకునేదాన్ని. ఆట అయ్యాక మా రెఫరీ వచ్చేవాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, అందరం రూల్స్ మాస్టారు అంటాం. బల్ల మీద రెండు వేళ్లతో కొట్టి, "ఆట ముగిసింది. ఇక మాట్లాడుకోవచ్చు" అనేవాడు. అది ఆయన సొంత మాట కాదు, జంట ఆట ముగిశాక రెఫరీ అలా అనాలని పుస్తకంలోనే ఉంది. వెంటనే పక్క బల్లల దగ్గర గోల మొదలయ్యేది. మేం కార్డులు సర్ది, వంతు ఎవరిదైతే వాళ్లు పెట్టె తీసుకుని, మెట్లు దిగి చెరో దిక్కూ పోయేవాళ్లం. వచ్చే ఆదివారం ఉందిగా అని సర్దిచెప్పుకునేదాన్ని.

ఆఖరి ఆదివారానికి ఏడు జంటల్లో నాలుగే వచ్చాయి. మిగిలినవాళ్లు అప్పుడే ఒంటరి ఆటకు కొత్త కార్డులు కూర్చుకుంటున్నారట. ఎవరికి వారే యమునా తీరే. మాస్టారు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

మా ఎదుట డెంటిస్టు దంపతులు కూర్చున్నారు. ఆవిడ ఏ కార్డు దించినా ఆయన పుచ్చుపన్ను దొరికినట్టు మొహం పెడతాడు. మామూలుగా అయితే నేనూ తమ్ముడూ అది చూసి లోపల్లోపల నవ్వుకునేవాళ్లం. వాడు నవ్వుకుంటున్నాడని నాకెలా తెలుసంటే, అప్పుడు వాడి ఎడమ భుజం కదులుతుంది. ఆ రోజు కదల్లేదు.

ఆట మా చేతిలోనే ఉంది. వాళ్లకు నాలుగు ప్రాణాలు మిగిలాయి, మాకు తొమ్మిది. వాడికి కావాల్సిన వంతెన కార్డు నా చేతికి వచ్చింది. వాడి వైపు జరిపితే చాలు, వచ్చే వంతులో ఆట అయిపోతుంది. "చేతిమార్పు ఇంకా వాడలేదు మనం" అన్నాడు వాడు. నాకు వినపడింది. కానీ నా బుర్రంతా ఐదింటి మీద ఉంది. మాట ఎలా మొదలుపెట్టాలి, వాడు లేచిపోతే చెయ్యి పట్టుకుని ఆపాలా, అందరి ముందూ ఏడుస్తానా. అలా అనుకుంటూనే "వంతు అయింది" అనేశాను. ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఉండదు. పదేళ్ల పిల్లలు కూడా చెయ్యని తప్పు అది. మరో రెండు వంతుల్లో ఓడిపోయాం. డెంటిస్టు భార్య నొచ్చుకుంటూ నాకు చెయ్యందించింది.

మాస్టారు వచ్చి బల్ల మీద వేళ్లతో కొట్టాడు. "ఆట ముగిసింది" అని కాస్త ఆగాడు. "ఇక మాట్లాడుకోవచ్చు."

తమ్ముడు కార్డులు పోగుచేస్తూ నా చేతిలో వంతెనను చూశాడు.

"ఇది నీ దగ్గరే ఉందా?"

"ఉంది. ఇవ్వడం మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోవు."

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పనని నాకు తెలిసిపోయింది. "డాక్టరు పొద్దున ఎనిమిదింటికే చెప్పాడురా" అన్నాను. "పిలిపించుకోమన్నాడు. నేనే నీకు ఫోను చెయ్యలేదు."

వాడు కార్డుల అంచులు సమంగా తట్టి పెట్టెలో పెట్టాడు. "తెలుసు."

"ఎలా?"

"పొద్దుటే చెప్తే ఇప్పుడా రావడం అని ఆ రోజే నర్సు నన్ను తిట్టింది. ఆ తర్వాతే వచ్చి నిన్ను అడిగాను."

"మరి ఆరేళ్లూ ఎందుకొచ్చావు?"

"నువ్వే చెప్తావని. నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఎన్నాళ్లు దాస్తుందిలే అనుకున్నా." మూత పెట్టి దాని మీద చెయ్యి ఉంచాడు. "ఎందుకు చెయ్యలేదక్కా?"

అక్కా అన్న పిలుపు విని ఆరేళ్లయింది. అది విన్నాక కూడా నేను, "నీ పరీక్ష పాడవుతుందని" అన్నాను. ఆ జవాబును ఆరేళ్లు సానబట్టి ఉంచుకున్నాను, ఎక్కడా గరుకు లేదు. వాడు అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"పరీక్ష కోసం కాదు" అన్నాను చివరికి. "నువ్వొస్తే అమ్మ నీ వైపే చూసేది. నాలుగు నెలలు ఒళ్లు తుడిచింది నేను, మందులు పట్టింది నేను. వారానికోసారి శనివారం నువ్వొచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, లేచి కూర్చునేది. ఆ ఒక్క రోజు నాకే కావాలనిపించింది."

"నన్నడిగిందా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. చెప్పుంటే బాగుండేదేమో, ఇప్పటికీ తెలీదు. "రెండుసార్లు అడిగింది. బయల్దేరాడు, వస్తున్నాడని చెప్పాను."

మాస్టారు మా బల్ల దాకా వచ్చి, మా మొహాలు చూసి, వెనక్కి వెళ్లిపోయాడు. తమ్ముడు తల తిప్పి గోడ మీద కాగితాన్ని చూశాడు.

"అది రాకపోయుంటే ఇవాళ చెప్పేదానివా?"

చెప్పేదాన్ని కాదు. ఇంకో సంతకం పెట్టించుకుని, ఇంకో నాలుగు నెలలు వాడి పక్కన కూర్చునేదాన్ని. అది వాడికి నా మొహంలో కనపడే ఉంటుంది. ఆ వారం పెట్టె వాడి వంతు. దాన్ని నా వైపు జరిపి, లేచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి పెట్టెలో కార్డులు రెండు వాటాలు చేద్దామని కూర్చున్నాను. వాడివి ఏవో నావి ఏవో తేలలేదు. చిన్నప్పటి నుంచీ కలిసిపోయి ఉన్నాయి. మళ్లీ అన్నీ అందులోనే వేసేశాను.

తర్వాతి ఆదివారం పెట్టె పట్టుకుని రెండింటికే వెళ్లాను. ఇప్పుడు బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. పేరు రాయమని షాపతను ఇచ్చిన కొత్త కాగితంలో ఒకే సంతకానికి చోటుంది. ఇంకా రావాల్సిన వాళ్లున్నారు, తర్వాత రాస్తానని చెప్పి కిటికీ పక్కన కూర్చున్నాను. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా తలెత్తాను. మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ ఆట ముగిసినప్పుడల్లా ఊరికే తల ఊపుతున్నాడు. ఒంటరి ఆటలో మాటల మీద నిషేధం లేదు కాబట్టి, ఆయన అనే ఆ రెండో వాక్యాన్ని కొత్త పుస్తకంలోంచి తీసేశారట. ఇప్పుడు బల్ల దగ్గర ఎవరితోనైనా ఏదైనా మాట్లాడుకోవచ్చు. ఐదు దాకా కూర్చున్నాను. వాడు రాలేదు.