జానెడు జరిగిన గోడ

కర్నూలు మునిగిన వరదకు పదిహేనేళ్ళు నిండిన ఏడు. కోయిలకుంట్ల దాపున రాతి క్వారీలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా రామలింగప్ప గుంటమగ్గం వెనక గోడ వణికేది. ఆ గోడకు అడుగునుంచి బీట తీసింది. గోడ నిలవదంటే మగ్గం విప్పాలి, సగం నేసిన చీర పడుగు కోయాలి. దానికి ఆయన ప్రాణం ఒప్పడం లేదు.

బీట బ్లాస్టింగ్ వల్లనేనా అని చూడడానికి కడప నుంచి ఇంజనీరు ఉదయశ్రీ వచ్చింది. గోడ వారన చిన్న పెట్టె పెట్టి, వసారాలో కంప్యూటరు ముందు కూర్చుంది. పెట్టె పట్టేది కుదుపును మాత్రమే. గోడ ఎంత వడిగా ఊగింది, ఎంత దూరం జరిగింది అన్నది అందులోంచి లెక్క కట్టాలి. బ్లాస్టింగ్ అయింది. ఆ పిల్ల నొసలు ముడిచింది.

"జానెడు జరిగినట్టు చూపిస్తాండాది తాతా."

రామలింగప్ప లోపలికి పోయి పడుగు కోయడానికి కత్తెర తెచ్చుకున్నాడు.

"ఆగు తాతా! జానెడు జరిగింటే గోడ నీ నెత్తిన ఉండేది. చిక్కుపడిన నూలు రంగురంగులుగా విడదీస్తావే, అట్ల వణుకును నిదానపు ఊపులు, జోరు ఊపులుగా విడదీస్తాం. ఫూరియర్ లెక్క అంటారు. ఏ ఊపును దాని జోరుతో, అంటే క్షణానికి ఎన్నిసార్లు ఊగుతాదో దాంతో, భాగిస్తే వడి, ఇంగోసారి భాగిస్తే జరిగిన దూరం. నిదానపు ఊపుకు జోరు చిన్నది; చిన్నదాంతో రెండుసార్లు భాగిస్తే ఆవగింజంత తప్పు గుమ్మడికాయంత అవుతాది."

"ఆ నిదానపు ఊపుల్ని పీకెయ్ పాపా."

"ఊరికే పీకితే నిజం ఊపు గూడా పోతాది. ఆ తప్పు యాణ్ణించి వచ్చిందో చూడల్ల."

ఉదయశ్రీ లోపలికి పోయి చూస్తే, పెట్టె కింద నాలుగు మడతల కొత్త దుప్పటి. పెట్టెకు కుంకుమబొట్టు.

"ఇంటికొచ్చిందాన్ని వట్టి నేలన కూచోబెడ్తామా అమ్మా?" అంది రామలింగప్ప భార్య సుబ్బక్క.

"నీ మర్యాదకు అది ఉయ్యాల ఊగింది అవ్వా!"

"నాకెప్పుడన్నా ఏసినావా కొత్త దుప్పటి?" అన్నాడు రామలింగప్ప.

ఉదయశ్రీ దుప్పటి తీసేసి, పెట్టెను గోడ వారన నేలమీది నాపరాయికి గట్టిగా అతికించింది. సాయంత్రం మళ్ళీ బ్లాస్టింగ్. మళ్ళీ విడదీసింది, భాగించింది.

"నూలుపోగు మందం గూడా జరగలే. వడి గూడా గోడను పగలగొట్టేంత లేదు."

"మరి బీట?"

ఆమె గోడ వెనక్కి నడిచింది. నీళ్ళు పోసుకునే బండ పక్కన పునాది నానిపోయి ఉంది.

"ఈ నీళ్ళు మళ్ళించు తాతా. మగ్గం యాడికీ పోదు."

"మూడేండ్లుగా నేను మొత్తుకుండేది అదే!" అంది సుబ్బక్క.

మర్నాడు తెల్లవారగానే రామలింగప్ప పార తీసుకుని, ఎవరూ స్నానానికి లేవకముందే బండనుంచి వీధివైపు కాలువ తవ్వాడు.