మూరెడు కిందికి దిగిన కిటికీ

మా బావమరిది టేపుగాడి మీద నాకు కోపం ఉంది. నేను పోయాక కూడా కొంత మిగిలే ఉంటుంది. వాడి అసలు పేరు వాడి పెళ్లిలో విన్నదే ఆఖరు. తలుపులూ కిటికీలూ బిగించడం వాడి పని. నడుముకి కొలతల టేపు తగిలించుకుని తిరుగుతాడు గనక అందరికీ టేపే. పరుపు కొనడానికి తోడు రమ్మన్నా ముందు టేపు లాగి, కొలిచి, "ఊఁ" అని తలాడిస్తాడు. ఆ "ఊఁ" నమ్మి మా గ్యారేజీ వాడి చేతిలో పెట్టాను.

మా అక్క దర్జీ. ఒంటరి మనిషి. అద్దెకి మూడో అంతస్తులో ఉంటుంది. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని ఎండ్రకాయలా పక్కవాటుగా దిగుతుంది. మా దగ్గరికి వచ్చెయ్యమని ఎప్పటినుంచో పోరుతున్నాను. మా ఇంటి గడప ఎక్కాలన్నా మూడు మెట్లున్నాయి. గ్యారేజీకి మాత్రం ఒక్క మెట్టూ లేదు. నేల రోడ్డుతో సమానం, పక్కన తలుపు కూడా ఉంది. కారు అమ్మేశాక అందులో నా పానాలూ పాత టైర్లూ తప్ప ఏమీ లేవు. ముందున్న షట్టరు పీకేసి, గోడ కట్టి, ఒక కిటికీ పెడితే అక్కకి గది తయారు.

అక్క ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది.

"ఒరేయ్, లోపల ఎలా ఉన్నా సర్దుకుంటాను. రోడ్డు మీంచి చూస్తే మాత్రం అది ఇల్లులా ఉండాలి. 'పాపం, తమ్ముడు షెడ్డులో పడేశాడు' అని ఒక్కళ్లు అన్నా నా మూడో అంతస్తు నాకుంది. ఖాళీ చేస్తానని ఇంటావిడతో ఇంకా అనలేదు."

"అనేవాళ్లెవరే?"

"నేనే అంటాను. చాలదా?"

పని మొదలైంది. నేను ఏడో తరగతితో బడి ఎగ్గొట్టి స్పానరు పట్టినవాణ్ణి. కొలతల్లో టేపుగాడి ముందు నోరెత్తను. వాడు మా ముందు గదిలోకి వెళ్లి, అక్కడి కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచాడు. మూడడుగులు. గ్యారేజీలోకి వచ్చి నేల నుంచి మూడడుగులు కొలిచి, గీత గీసి, కిటికీ నిలబెట్టాడు. గోడ తడి ఆరకుండా బయట గోనెపట్టాలు కప్పి ఉంచాం గనక ఎవరికీ ఏమీ కనబడలేదు.

పట్టాలు తీసిన రోజు అక్క ఆటోలో వచ్చింది. రోడ్డుకి అవతల దిగి, అక్కడే నిలబడిపోయింది.

"ఏరా, మీ ఇంటికి మూతి వంకర పోయిందా?"

నేనూ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. నిజమే. పాత కిటికీ పైన ఉంది, కొత్త కిటికీ దానికన్నా మూరెడు కిందికి దిగింది. ఒక కన్ను ఉండవలసిన చోట, రెండోది బుగ్గ మీద. ఇంట్లో నేల మూడు మెట్లు ఎత్తు, గ్యారేజీ నేల పల్లం. ఆ సంగతి టేపుకి తెలియలేదు, టేపుగాడికీ తట్టలేదు.

"కొలత కరెక్టే వదినా! లోపలికొచ్చి చూడండి. వెంట్రుకవాసి తేడా ఉంటే నా చెవులు కోసుకుంటా."

"వద్దులే బాబూ. ఈ ఇంటిముందు ఒకే ఎత్తులో ఉన్నవి ఆ రెండే."

మా ఆవిడ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది. "వాడి తప్పేముంది వదినా? ఇల్లే ఎత్తులో కట్టారు."

"అవునే, ఇల్లు కట్టినవాళ్లని జైల్లో పెట్టిద్దాం," అన్నాను.

అక్క అంతటితో ఆగలేదు. గేటు నుంచి కిటికీ దాకా పరిచి ఉన్న సిమెంటు నేలని చూపించింది. నూనె మరకలతో నల్లగా, అచ్చంగా కారు దారి. "ఇదేమిట్రా, తిన్నగా వచ్చి గోడకి గుద్దుకుంటోంది? కారు లోపలుండగానే గోడ కట్టేశారేమో అనుకోరూ?"

"పగలగొట్టి కిటికీ పైకి జరుపుతా," అన్నాడు టేపు మొహం మాడ్చుకుని. "గోడ సగం దించాలి."

అక్క గేటు పక్క టైరు మీద కూర్చుని, మోకాళ్లు నిమురుకుంటూ ఇంటికేసి చాలాసేపు చూసింది.

"కట్టిన గోడ దించకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమందికి ఒక భుజం కిందికే ఉంటుంది. మనిషిని సరిచేస్తామా? అడ్డంగా ఒక పట్టీ కుడతాం. చూపు పట్టీ వెంట పోతుంది, భుజం ఎవడూ చూడడు. ఇంటికీ ఒక పట్టీ వెయ్యండి. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే సజ్జ. దాని కింద కొత్త కిటికీ నెత్తిన మిగిలే మూరెడులో అద్దాలు బిగించు. అడుగున తేడాకి మొక్కలు అడ్డం వస్తాయి."

టేపుగాడు టేపు లాగాడు.

"అది లోపల పెట్టు నాయనా. తాడు తెచ్చుకో."

నన్నొక నిచ్చెన మీద, వాణ్ణొక నిచ్చెన మీద ఎక్కించి, తాడు చెరో కొస పట్టుకోమంది. తను రోడ్డవతల నుంచి కేకలు. "తమ్ముడూ, పైకి! ఇంకాస్త! టేపూ, నీ తలకాయ తియ్, ఇల్లు కనబడట్లేదు!" దారిన పోయే ఒకాయన సైకిలు ఆపి, బట్టలు ఆరేసుకోవడానికి అంత ఎత్తెందుకని అడిగాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. తాడు నిలిచిన చోట గీత గీశాం. అక్క వచ్చి మళ్లీ టైరు మీద కూలబడింది.

అంతవరకూ బాగానే ఉంది. మొక్కలకి మట్టి కావాలి. మట్టి ఆ సిమెంటు కింద ఉంది.

"అది మాత్రం కుదరదే," అన్నాను. "ఆదివారం పూట నేను బయటి బళ్లు చూసేది దాని మీదే. వారమంతా ఎవడి షెడ్డులోనో చాకిరీ. అదొక్కటే నా సొంత చోటు."

"సరే, ఉంచుకో. నాకూ నా చోటుంది," అంది. కోపంగా కాదు. లేవడానికి నా చెయ్యి పట్టుకుంది. లేచేటప్పుడు పళ్లు బిగబట్టిన చప్పుడు నాకు వినబడింది. ఆటో ఎక్కాక గాని ఆ చెయ్యి వదల్లేదు. ఇంటికి వెళ్లి ఆ మూడు అంతస్తులూ ఎవరి చెయ్యి పట్టుకుని ఎక్కుతుంది?

మర్నాడు పొద్దున్నే సమ్మెట తీశాను. నా చోటు నేనే పగలగొట్టుకున్నాను, వేరేవాడు కొడితే చూడలేను గనక. టేపుగాడు అడగకుండానే వచ్చి పెళ్లలు మోశాడు. వాడు చేసిన ఇంకో మంచిపని కూడా చెప్పాలి, అబద్ధమాడి ఏం లాభం. కొత్త కిటికీ నెత్తిన ఆ మూరెడులో పచ్చటి అద్దాల వరస ఎంత ఒద్దికగా బిగించాడంటే, మొదటి నుంచీ అదే ఆలోచన అన్నట్టుంది. గీసిన గీత వెంట సజ్జ పోయించాం. కొత్త గోడకి ఒక్కదానికే రంగు వేస్తే మాసికలా కొట్టొచ్చినట్టుంటుందని ఇంటి ముఖమంతా ఒకే రంగు వేశాం. కిటికీ కింద మందారాలూ నందివర్ధనాలూ నాటాం. గేటు నుంచి పక్క తలుపుకి ఒక మనిషి నడిచేంత ఇటుకల బాట పరిచాం.

మొక్కలు కిటికీ అంచు అందుకున్నాక, ఒక ఆదివారం అక్కని పిలిచాం. ఆమె గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని టీ తాగుతోంది. నేనూ టేపూ వెనక నిలబడ్డాం, పరీక్ష రాసిన పిల్లల్లా. ఇంతలో నేనెరిగిన పాత బేరం, ఒక నీలం కారాయన, మా ఇల్లు దాటి ముందుకు పోయాడు. వెనక్కి తిరిగొచ్చి మళ్లీ దాటిపోయాడు. మూడోసారి మా గేటు ముందే ఆపి, కిటికీలోంచి అక్కని అడిగాడు.

"అమ్మా, ఇక్కడెక్కడో గ్యారేజీ ఉన్న మెకానిక్కు ఇల్లు ఉండాలి?"

నేను నోరు తెరిచేలోపల అక్క అందుకుంది. "ఈ వీధిలో గ్యారేజీ ఏదీ లేదు బాబూ. ఇవన్నీ ఇళ్లు."

ఆయన వెళ్లిపోయాడు. అక్క గ్లాసు కింద పెట్టి, ఫోను తీసి, వాళ్లింటావిడకి కలిపింది. "అమ్మా, నెలాఖరుకి ఖాళీ చేస్తున్నానండీ. మా తమ్ముడింటికి. ఆఁ, ఒక్క మెట్టు కూడా లేదు!"

టేపుగాడు నాకేసి చూసి "ఊఁ" అన్నాడు. తన్నాలనిపించింది. తన్నలేదు.

ఇప్పుడు గది నిండా మిషను చప్పుడు. సాయంత్రం నేను నీళ్లు పోస్తుంటే అక్క కిటికీలోంచి, ఈ మొక్కకి ఎక్కువైంది, ఆ మొక్కకి చాల్లేదని పేర్లు పెడుతూ ఉంటుంది. పోసేది నేను, పెత్తనం ఆవిడది. పగలగొట్టుకున్న నా సిమెంటు చోటు లెక్కన నష్టం ఎంతంటే, అడ్డం పది అడుగులు, పొడవు పద్దెనిమిది. సరిగ్గా ఇరవై గజాలు.